తుపానుకు పేరు పెట్టేదాకా ఆగొద్దు: వడ్లు, పత్తి కాపాడుకునే పద్ధతి

2025 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనం విన్న తుపాను పేర్లు నాలుగు: శక్తి, మొంథా, సెన్యార్, దిత్వా. శక్తి అరేబియా సముద్రంలోనే తిరిగి తిరిగి నీరసించింది. సెన్యార్ పోయి సుమత్రా మీద పడింది. దిత్వా శ్రీలంకను ముంచింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతుకు దెబ్బ కొట్టింది మొంథా ఒక్కటే. అది అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారి 29న దేవరకొండ, అచ్చంపేట వైపు దంచికొట్టింది, కోతకొచ్చిన వరి నేలకు ఒరిగింది.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటి హైదరాబాద్‌ను, మూసీ వెంట ఊళ్లను ముంచిన దానికి అసలు పేరే లేదు. అది తుపానుకు ఒక మెట్టు కిందిదైన తీవ్ర వాయుగుండం దగ్గరే ఆగింది. మన సముద్రాల్లో గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే ఢిల్లీలోని వాతావరణ కేంద్రం పేరు పెడుతుంది. 13 దేశాలు తలా 13 చొప్పున ఇచ్చిన 169 పేర్ల జాబితాలోంచి వరుసగా తీస్తారు. అంటే పేరు గాలిని బట్టి వస్తుంది, వానను బట్టి కాదు. తీరానికి 200, 300 కిలోమీటర్ల లోపల ఉన్న మనకు గాలి సగం చచ్చి చేరుతుంది, వాన మాత్రం తగ్గకుండా వస్తుంది. కాబట్టి టీవీలో పేరు వినపడేదాకా ఆగితే రెండు రోజులు చేజారినట్టే. ‘అల్పపీడనం వాయుగుండంగా మారే అవకాశం’ అన్న మాట వచ్చిన రోజే పని మొదలుపెట్టాలి.

ఏ దారిన వస్తే మనకు ఏమవుతుంది

బాపట్ల నుంచి కాకినాడ మధ్య తీరం దాటి వాయవ్యానికి కదిలితే మనకు గట్టి దెబ్బ. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర దాటిన మిచాంగ్, 2025 మొంథా ఈ దారివే. తమిళనాడులో దాటితే పెద్ద వాన తక్కువే కానీ మూడు నాలుగు రోజులు ముసురు పట్టి ఎండ ముఖం చూపదు. వడ్లు ఆరబోసినవాళ్లకు ఈ ముసురు వానకంటే తక్కువ నష్టమేం చేయదు. ఒడిశా వైపు వంపు తిరిగిపోతే మనకు మబ్బులే.

హెచ్చరికలో రంగు ఒక్కటే చూడకండి, మిల్లీమీటర్లు చూడండి. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. ఎకరం మీద ఒక మిల్లీమీటర్ పడిందంటే సుమారు 4 వేల లీటర్ల నీళ్లు. 100 మి.మీ. పడితే ఎకరానికి 4 లక్షల లీటర్లు, పై పొలం నుంచి దిగేది అదనం. ఆ నీళ్లకు దారి ముందే చూపకపోతే అవే చూసుకుంటాయి, ఒరాలు (మడి గట్లు) తెగేది అందుకే. దక్షిణ తెలంగాణకు నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ సూచనలు వస్తాయి. మీ మండలంలో ఎంత పడిందో తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థ లెక్కల్లో దొరుకుతుంది.

కోయాలా, ఆగాలా

వెన్నులో నూటికి 85, 90 గింజలు బంగారు రంగుకు తిరిగి, కింది గింజలు కూడా గట్టిపడితే కోయొచ్చు. కానీ అసలు ప్రశ్న అది కాదు. కోసిన వడ్లను కప్పడానికి పట్టాలు (టార్పాలిన్లు), ఎత్తైన కల్లం ఉన్నాయా? లేకపోతే కోయించకండి. నిలబడ్డ చేను ఒక రోజు వానకు తట్టుకుంటుంది, పడిపోయినా కొంత దక్కుతుంది. కప్పులేని రాశి తడిస్తే మొత్తం పోతుంది. వాన వస్తోందని అందరూ మిషన్ల వెంట పడి, రాత్రికి రాత్రి కోయించి, రోడ్డు పక్కన పోసుకుని ముంచుకోవడం ప్రతి ఏడూ జరుగుతున్నదే.

కోయకూడదనుకుంటే ఆ రోజే మడుల ఒరాలకు దిగువ మూలన గండ్లు పెట్టి నీళ్లు బయటికి తీయండి. నీళ్లలో నానిన వేరు పట్టు వదిలి, గాలికి దుబ్బు సులువుగా ఒరుగుతుంది. కోయించేటట్టయితే పొలం పదునుగా ఉన్నచోట చైన్ మిషనే మాట్లాడుకోండి. టైర్ల మిషన్ దిగబడి చక్రాల గాళ్లు పడితే యాసంగికి మడి చదును చేసే ఖర్చు మీద పడుతుంది.

రాశి ఎలా పోయాలి, ఎలా కప్పాలి

మిషన్ కోత వడ్లలో తేమ 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో కాంటా కావాలంటే 17కు దిగాలి. ఎండ ఉన్నన్నాళ్లూ రెండు మూడు అంగుళాల మందాన ఆరబోసి గంటకోసారి కాలితో చాళ్లు తీస్తూ తిరగేయండి. తేమ కొలిచే మీటర్ లేకపోతే గింజను పంటి కింద పెట్టి చూడండి: మెత్తగా నలిగితే తడి ఉన్నట్టు, టక్కున విరిగితే దగ్గరికి వచ్చినట్టు. తారు రోడ్డు మీద ఆరబోయకండి. రాత్రిపూట రాశికి, అడ్డం పెట్టిన రాళ్లకు బండ్లు తగిలి ప్రాణాలు పోతున్నాయి.

వాన ముందు పోసే రాశి గుండ్రంగా కాకుండా గుడిసె కప్పులా పొడవుగా ఉండాలి. 40 క్వింటాళ్లకు అడుగున 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, మధ్యలో మూడు అడుగులకు పైచిలుకు ఎత్తు. ఈ కొలత రాశికి 8 మీటర్లు, 6 మీటర్ల పట్టా ఒకటి సరిగ్గా సరిపోతుంది, నాలుగు వైపులా రెండు నుంచి నాలుగు అడుగులు నేల మీదికి వస్తుంది. 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) మందం ఉన్నది కొనండి. పలుచటి నీలం కాగితం మొదటి గాలికే కంతల దగ్గర చినుగుతుంది.

చోటు ఎత్తు మీద ఉండాలి. రాశి చుట్టూ అడుగు వెడల్పు, తొమ్మిది అంగుళాల లోతు కాలువ తీసి దాన్ని పల్లం వైపు వదలండి. అడుగున నాలుగు అంగుళాల ఎండుగడ్డి పరిచి, దానిపైన కింది పట్టా. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కింది పట్టా అంచు పై పట్టా కంటే బయటికి ఉండనే కూడదు. ఉంటే పైనుంచి జారిన నీళ్లు ఆ అంచు మీద పడి నేరుగా వడ్ల కిందికి పారతాయి. పై పట్టా ఎంత గట్టిదైనా తెల్లారి చూస్తే అడుగున అర అడుగు వడ్లు నాని ఉంటాయి. కింది పట్టా అంచులను రాశి మీదికే మడిచి, ఆపైన పై పట్టాను కాలువ దాకా దించండి.

రెండు పట్టాలు అతకాల్సి వస్తే రెండు అడుగులు ఒకదాని మీద ఒకటి పడాలి, ఇంటి పెంకుల్లాగా. తుపాను మనకు తూర్పున ఉన్నప్పుడు గాలి ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి అతుకు నోరు నైరుతి వైపు ఉండేలా చూడండి. తుపాను దాటి పైకి పోయాక గాలి పడమటి నుంచి వీస్తుంది, అందుకని అతుకు మీద బరువు తప్పదు. రాళ్లు పెట్టకండి, మూలలు గుచ్చి చిల్లులు పడతాయి. పాత సంచుల్లో సగం దాకా ఇసుక నింపి, రెండేసి సంచులను ఒక తాడుకు రెండు కొసలా కట్టి, నాలుగు అడుగులకు ఒకటి చొప్పున రాశి మీదుగా అటూ ఇటూ వేలాడదీయండి. రాశి నడినెత్తిన ఎక్కడా గుంట ఉండొద్దు. ఉంటే అక్కడ పట్టా కింద గడ్డి కుక్కి ఎత్తు చేయండి.

కప్పి వదిలేయకూడదు. పచ్చి వడ్లు కప్పు కింద ఒక్క రోజులోనే వేడెక్కుతాయి. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా గాలి లేని పక్క పట్టా ఎత్తి, మోచేయి దాకా చెయ్యి దూర్చి చూడండి. గోరువెచ్చగా తగిలి, పులిసిన వాసన వస్తే ఆలస్యం చేయకుండా రాశిని ఇప్పి, కప్పున్న చోట, అది బడి వరండా అయినా సరే, పలుచగా పరిచి తిరగేయండి. ఫ్యాన్ ఉంటే పెట్టండి. వేడెక్కిన వడ్లు రంగు మారి, మిల్లులో ముక్కిన వాసనతో నూకవుతాయి.

తడిసిపోతే

పడిపోయిన చేను, కోసి వేసిన పనలు మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు నీళ్లు చల్లాలి: లీటరుకు 50 గ్రాముల కల్లుప్పు. 20 లీటర్ల ట్యాంకుకు కిలో, ఎకరానికి 200 లీటర్ల లెక్కన 10 కిలోలు. గుడ్డతో వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. వాన ఆగిన పూటే వెన్నులు బాగా తడిసేలా కొట్టాలి. నిద్రావస్థ (కోతకొచ్చాక కొన్నాళ్లు మొలవకుండా ఆగే గుణం) లేని రకాలు మూడో రోజుకే తెల్లగా ముక్కు తీస్తాయి, ఆ తర్వాత ఉప్పు ఏమీ చేయలేదు. విత్తనానికి పెట్టుకున్న మడిలో మాత్రం చల్లొద్దు. గింజ ఇంకా పాల మీద ఉండగా పడిపోతే నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టండి, కూలి గిట్టినంత మేరకే. తడిసిన వడ్లను ఎండినవాటితో కలపడం అన్నిటికంటే పెద్ద నష్టం. పది సంచుల తడి వంద సంచుల కాంటాను ఆపేస్తుంది.

పత్తి

విచ్చిన పత్తిని వాన ముందే ఏరించండి, కాయ సగం విచ్చినా సరే. సీసీఐ (భారత పత్తి సంస్థ) 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, 12 దాటితే కొననే కొనదు. పొద్దున మంచు ఆరాక ఏరడం, రాత్రి ఇంట్లో నేలకు ఆనకుండా పోయడం, యూరియా సంచులు కాకుండా గుడ్డ మూటలు వాడటం, ఈ మూడూ పాటిస్తే చాలు. ప్లాస్టిక్ పోగు దూదిలో కలిస్తే జిన్నింగ్‌లో పట్టుబడుతుంది. చేలోనే తడిసిన పత్తిని చెట్టు మీదే రెండు రోజులు ఆరనిచ్చి, ఏరి, విడిగా పెట్టండి.

నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే రెండో రోజుకే చెట్లు వాడతాయి. ముందు సాళ్ల మధ్య కాలువ తీసి నీళ్లు దించండి, మందు తర్వాత. వేరుకు గాలి ఆడనప్పుడు కింద వేసిన యూరియాను చెట్టు తీసుకోలేదు. కాబట్టి ఆకు మీద లీటరుకు 20 గ్రాముల యూరియా, లేదా 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) పిచికారీ చేసి వారానికి మళ్లీ కొట్టండి. వాడిన చెట్ల మొదళ్లలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయండి.

మిగతావి

నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు యాసంగి పల్లి చెలకల్లో ముసురు తర్వాత లేతాకు తెల్లబడితే అది ఇనుము లోపం. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టండి. బత్తాయి తోటలో పాదుల్లో నీళ్లు ఒక రాత్రికి మించి నిలవకూడదు, వేరు కుళ్లి బంక కారేది ఆ నీటితోనే. గొర్లను తడి పచ్చిక మీదికి పొద్దున్నే తోలకండి, ఒక్కసారిగా మేసిన లేత గడ్డితో చిటుక రోగం వస్తుంది.

వాగు పొంగితే మోటార్ల స్టార్టర్ డబ్బా విప్పి ఎత్తుకు తేవాలి, అదీ వానకు ముందే. మునిగిన మోటారును ఆరబెట్టి చూపించకుండా స్విచ్ వేయొద్దు. తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కు చెప్పండి. డిండి వాగైనా, ఊరి పక్క చిన్న కాజ్‌వే అయినా, నీళ్లు పారుతుంటే బండితో దాటకండి. పైన జానెడే కనిపించినా కింద రోడ్డు కోసుకుపోయి ఉంటుంది.

పంట నష్టం 33 శాతం దాటితేనే ప్రభుత్వ సాయం లెక్కలోకి వస్తుంది. నీళ్లు దిగకముందే, చేను దున్నకముందే, సర్వే నంబరు గుర్తు తెలిసేలా ఫొటోలు తీసి ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పి పేరు రాయించండి. పడిపోయిన వరిని కోసేశాక వచ్చి చూసినా రాసేదేమీ ఉండదు.

చివరగా పట్టాలు. తడి మీద మడవకండి, రెండు పక్కలా ఎండబెట్టండి. ఇద్దరు పట్టుకుని ఎండకు ఎదురుగా ఎత్తితే చిల్లు ఉన్న ప్రతి చోటా చుక్కలా వెలుగు కనిపిస్తుంది. అక్కడ సున్నంతో గుర్తు పెట్టి అదే రోజు అతుకు వేయించండి. డిసెంబర్ నెలాఖరు దాకా బంగాళాఖాతంలో ఇంకోటి పుట్టొచ్చు.