వేడెక్కిన బోటు ఇంజన్ మళ్లీ స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి?

పొద్దున్నే ఒక్క లాగుకే అందుకుంటుంది. గంటా రెండు గంటలు నడిపి, వల వేయడానికి ఆపి, పావుగంట తర్వాత తాడు లాగితే ఉలుకూ పలుకూ ఉండదు. అరగంట వదిలేస్తే మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఒడ్డుకొచ్చి మెకానిక్‌కి చూపిస్తే ఆయన ముందు బుద్ధిగా నడుస్తుంది.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కే ఇది, చల్లారితే ఆనవాలు దొరకదు. కాబట్టి ఇంజన్ మొరాయించిన ఆ పది నిమిషాల్లోనే చూడాల్సినవి చూసేయాలి. ఇక్కడ చెప్పేది ఫైబర్ బోట్లకు బిగించే, కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) ఉన్న పెట్రోల్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక అంచుకు తగిలించే) ఇంజన్ల గురించి. డీజిల్ సంగతి చివర్లో.

ముందు బోటు, తర్వాతే ఇంజన్

లంగరు వేయండి. ఇంజన్ మీద తలవంచుకుని కూర్చుంటే గాలికి ఎటు కొట్టుకుపోతున్నామో తెలియదు. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరైతే మరీ ప్రమాదం. ఫోన్ సిగ్నల్ ఉండగానే ఒడ్డున ఉన్నవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. చేయి దాటేలా ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ ఉంటే చానల్ 16.

1. చిన్నవి ముందు చూసుకోండి

గేరు న్యూట్రల్‌లో ఉందా? కిల్ స్విచ్ (ఇంజన్‌ను ఆపేసే మీట) క్లిప్ సరిగ్గా కూర్చుందా? ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందా? ఈ మూడోది చాలామందిని ముప్పుతిప్పలు పెడుతుంది. స్క్రూ మూసి ఉంటే కాసేపు నడిచాక ట్యాంకులో గాలి చాలక పెట్రోల్ రావడం ఆగిపోతుంది, చూసేవాళ్లకు అది వేడి సమస్యలాగే కనిపిస్తుంది. పెట్రోల్ పైపు మీది రబ్బరు బల్బు చప్పగా నొక్కుకుపోయి ఉంటే దాదాపు ఇదే కారణం.

2. స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి

అసలు సమాధానం ఇక్కడే ఉంటుంది. ఇంజన్ ఆగగానే దాన్ని చల్లబరిచే నీళ్లూ ఆగిపోతాయి. హెడ్డులోని వేడి మెల్లగా కార్బొరేటర్‌కి పాకుతుంది. పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగం 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడుతుంది, మే నెల ఎండలో ఇంజన్ మూత కింద ఆ వేడి ఒక లెక్కా కాదు. అలా మరిగిన పెట్రోల్ పొంగి లోపలికి కారితే ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువవుతుంది. పైపులో ఆవిరై నిలిస్తే అసలు అందదు. రెండింటికీ మందు వేరు. ఏదో తేల్చుకోకుండా చోక్ లాగి తాడు మీద తాడు లాగితే ఉన్న జబ్బు ముదురుతుంది.

ప్లగ్గు పానకు ఓ దారం కట్టి చేతికి తగిలించుకోండి, నీళ్లలో పడితే ఇక అంతే. వేడిగా ఉంటుంది కాబట్టి గుడ్డతో పట్టుకోండి. హెడ్డు అల్యూమినియం, వేడి మీద మరలు త్వరగా పాడవుతాయి. అందుకే మళ్లీ బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి.

3. ప్లగ్గు తడిగా ఉంటే

పెట్రోల్ ఎక్కువైంది. బల్బు ముట్టుకోకండి, చోక్ పూర్తిగా లోపలికి తోసేయండి. కిల్ స్విచ్ క్లిప్ తీసేసి, ప్లగ్గు రంధ్రం తెరిచే ఉంచి, యాక్సిలరేటర్ వీలైనంత తిప్పి నాలుగైదుసార్లు తాడు లాగితే లోపలి పెట్రోల్ బయటికి పోతుంది. ఆ ఆవిరి గాలికి పోయేదాకా ఆగి, ప్లగ్గు తుడిచి బిగించి, క్లిప్ పెట్టి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి లాగండి. ఈ పని జరుగుతున్నంతసేపూ బోటులో బీడీ వెలగకూడదు.

ప్రతిసారీ తడిగానే ఉంటే కార్బొరేటర్‌లో ఫ్లోట్ నీడిల్ (పెట్రోల్ రాకను ఆపే సూది) అరిగిందేమో చూపించండి. టూ స్ట్రోక్ అయితే పెట్రోల్లో కలిపే ఆయిల్ పాళ్లు కూడా చూసుకోవాలి. 50:1 అని పుస్తకంలో ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లే, చేతివాటంగా పోయడం కాదు.

4. పొడిగా ఉంటే

ఇంజన్ మూత తీసి గాలి తగలనివ్వండి. కార్బొరేటర్, పెట్రోల్ పంపు, పైపు మీద తడిగుడ్డ వేయండి. ఇంజన్ మీద మాత్రం నీళ్లు గుమ్మరించవద్దు. తర్వాత బల్బును బాణం గుర్తు పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని గట్టిపడేదాకా నొక్కి, స్టార్ట్ చేయండి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, కనెక్టర్ దగ్గరి రబ్బరు రింగును ముందు అనుమానించండి. స్టార్ట్ అయ్యాక ఇంజన్ పడిపోతుంటే బల్బు నొక్కి చూడండి. నొక్కినప్పుడల్లా పుంజుకుంటే పెట్రోల్ పంపు పొర బలహీనపడి ఉండొచ్చు.

5. కరెంటు వస్తోందా?

ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజన్‌కి ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకుని తాడు లాగించండి. పట్టుకోవాల్సింది రబ్బరు క్యాపునే. పెట్రోల్ వాసన గుప్పుమంటున్నప్పుడు ఈ పరీక్ష వద్దు. నీలంగా, టప్ మంటూ నిప్పురవ్వ రావాలి. చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడిలో రాకపోతే కాయిల్ (ప్లగ్గుకు కరెంటు పెంచి ఇచ్చే తీగచుట్ట) మీదే అనుమానం. వేడికి లోపలి తీగ వ్యాకోచించి ఎక్కడో విడిపోతుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. ఒడ్డున మెకానిక్ నమ్మకపోతే హెయిర్ డ్రైయర్‌తో కాయిల్ వేడిచేసి, మల్టీమీటర్‌తో కొలిపించండి. "సీడీఐ మార్చేద్దాం" అనే మాట ఆఖరున రావాలి. అది ప్లగ్గుకు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె, ఖరీదైన వస్తువు, పది రూపాయల రబ్బరు రింగు చేసిన తప్పుకు దాన్ని బలి చేయకూడదు.

6. తాడు మరీ తేలిగ్గా వస్తుంటే

వేడిలో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) పడిపోతోందన్నమాట. పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు. ఇది సముద్రం మీద తేలే పని కాదు. వెనక నుంచి చిమ్మే నీటిధార ఈమధ్య సన్నబడిందా అని గుర్తు చేసుకోండి. ఇంపెల్లర్ (నీళ్లు తోడే రబ్బరు చక్రం) అరిగినా, నీళ్లు పీల్చే చోట ప్లాస్టిక్ కవర్ చుట్టుకున్నా ఇంజన్ మితిమీరి వేడెక్కి రింగుల దాకా తెస్తుంది.

ఇకముందు రాకుండా

వేగంగా వచ్చి టక్కున ఆపకండి. రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపండి, వీలైతే ఇంజన్ మూత కాస్త ఎత్తి ఉంచండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది మొదలయ్యే ముందే ట్యాంకూ కార్బొరేటరూ ఖాళీ చేయండి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలో తేమను లాగేసుకుంటుంది. ఇంపెల్లర్ మార్చడానికీ అదే మంచి అదను.

డీజిల్ ఇంజన్ వేడిలో మొండికేస్తే ఇంజెక్షన్ పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి. అప్పుడు స్టార్ట్ అయితే పంపు అరిగిందని అనుమానించాలి. వేడికి డీజిల్ పలచబడి ఆ అరుగుదలలోంచి జారిపోతుంటుంది, పంపు విప్పి బాగుచేయించాల్సిందే.