బాయ్‌కాట్ చేస్తే ఫలితం రావాలంటే ఎలా చేయాలి?

వాట్సాప్‌లో "ఈ కంపెనీ సరుకు ఎవరూ కొనకండి" అని ఒక మెసేజ్ వస్తుంది, సాయంత్రానికల్లా అన్ని గ్రూపులూ తిరుగుతుంది, వారం తిరిగేసరికి అందరం మర్చిపోతాం, ఆ కంపెనీ అమ్మకాలకు మాత్రం ఏమీ కాదు. అది చూసి బాయ్‌కాట్లతో ఒరిగేదేమీ లేదని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో నల్లజాతి ప్రజలు 1955 డిసెంబర్‌లో సిటీ బస్సులు ఎక్కడం మానేశారు, 381 రోజుల పాటు ఎక్కలేదు, చివరికి బస్సులో తెల్లవాళ్లకో చోటు నల్లవాళ్లకో చోటు అనే పద్ధతే పోయింది. 1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో సమ్మెకు దిగిన కూలీలు ఐదేళ్ల తర్వాత గెలిచారు, అదీ ఎక్కడో దూరాన పట్నాల్లో ఉన్నవాళ్లు ద్రాక్ష కొనడం మానేయబట్టే. ఈ రెండు పోరాటాల వివరాల్లోకి వెళ్తే నాకు అర్థమైంది ఒకటే. "కొనకండి" అని చెప్పడం చాలా తేలిక, కొనకుండా జనానికి రోజు ఎలా గడుస్తుందో చూసి ఏర్పాట్లు చేయడమే అసలు పని. మీరు కాలనీలో చేసినా, జిల్లా అంతటా చేసినా ఇది మారదు.

ఏం కావాలో ముందు కాగితం మీద రాయండి

"వాళ్లకు బుద్ధి చెప్పాలి", "దిగిరావాలి" లాంటివి డిమాండ్లు కావు. అవతలివాళ్లు చేయగలిగింది, చేశారో లేదో మీరు వెళ్లి చూసుకోగలిగింది ఏదో అది రాయాలి. ద్రాక్ష కూలీలు గంటకు 1.40 డాలర్ల కూలి అడిగారు, యూనియన్‌ను గుర్తించమన్నారు. మాంట్‌గోమరీ వాళ్లు మొదట అడిగింది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, తెల్లవాళ్లు ముందు నుంచి నల్లవాళ్లు వెనక నుంచి ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చోవాలి, నల్లవాళ్లు ఎక్కువగా తిరిగే రూట్లలో నల్లజాతి డ్రైవర్లను పెట్టాలి. అంతే. ఆ మాత్రం దానికి కూడా ఊరి పెద్దలు ససేమిరా అన్నారు కాబట్టే న్యాయం ఎవరి వైపు ఉందో చూసేవాళ్లకు తెలిసిపోయింది, తర్వాత బాయ్‌కాట్ చేస్తున్నవాళ్లు కోర్టులో మొత్తం విభజననే సవాలు చేశారు.

రాసిన కాగితాన్ని ముందు అవతలివాళ్లకే పంపండి. మాంట్‌గోమరీలో కాలేజీ లెక్చరర్ జో ఆన్ రాబిన్సన్ బాయ్‌కాట్ మొదలవడానికి ఏడాదిన్నర ముందే, 1954 మేలో, ఊరి మేయర్‌కు ఉత్తరం రాసింది, బస్సుల్లో మా వాళ్లను ఇలా చూస్తే జనం బస్సులు మానేసే ఆలోచనలో ఉన్నారని. ఉత్తరానికి కాపీ ఉంచుకోండి, ఎన్ని రోజుల్లో జవాబు కావాలో కూడా అందులోనే రాయండి.

ఇంకో మాట. మీకు అమ్మిన మిక్సీ పాడైపోయి షాపువాడు మార్చనంటే అది బాయ్‌కాట్ వ్యవహారం కాదు. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి.

ఒక్కరినే పట్టుకోండి

నలభై బ్రాండ్ల బొమ్మలున్న ఫొటో పంపితే కిరాణా కొట్టు ముందు నిలబడ్డప్పుడు ఎవరికీ ఒక్క పేరూ గుర్తురాదు. మీవాళ్లు నిజంగా కొంటున్న సరుకు, మానేస్తే అవతలివాడి గల్లాపెట్టెలో తేడా కనపడే సరుకు ఒకటి ఎంచుకోండి. మాంట్‌గోమరీ బస్సుల్లో నాలుగింట మూడు వంతుల మంది నల్లజాతి ప్రయాణికులే, కాబట్టి వాళ్లు దిగిపోతే కంపెనీకి దెబ్బ వెంటనే తగిలింది. మీరు ఎప్పుడూ కొనని కారు కంపెనీని బాయ్‌కాట్ చేస్తే ఆ కంపెనీకి తెలియను కూడా తెలియదు.

ద్రాక్ష విషయంలో ఒక పెద్ద చిక్కు వచ్చింది, దీన్ని జాగ్రత్తగా చూడండి. 1967లో యూనియన్ గియుమారా అనే అతిపెద్ద ద్రాక్ష కంపెనీని ఎంచుకుంది. ఆ కంపెనీ వేరే రైతుల లేబుళ్లు తెచ్చుకుని తన పండ్ల పెట్టెల మీద అంటించి అమ్మడం మొదలుపెట్టింది. కొనేవాళ్లకు ఏ పెట్టె ఎవరిదో తెలిసే దారి లేదు. అప్పుడు సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్టా, లారీ ఇట్లియాంగ్‌ల యూనియన్ 1968లో ఎత్తు మార్చి, కాలిఫోర్నియా నుంచి వచ్చే ద్రాక్షపండు ఏదైనా సరే కొనొద్దంది. చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే మాట అది. పైగా ద్రాక్ష లేకపోయినా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకుండా ఉండదు, తోటవాడికి మాత్రం పండు కుళ్లిపోతుంటే ఒక్కో రోజూ నష్టమే. కాబట్టి లేబుల్ మారిస్తే ఏం చేస్తామో ముందే అనుకోండి, అదే కంపెనీ ఇంకో పేరుతో ఏమేం అమ్ముతోందో ప్యాకెట్ వెనక తయారీదారు పేరు చూసి రాసుకోండి.

ఎవరి మీద చేయకూడదు

ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. బాయ్‌కాట్ అనేది బలం ఉన్నవాడి మీద బలం లేనివాళ్లు వాడే ఆయుధం. ఊళ్లో దళితులకు సరుకులు ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు అని కట్టడి చేయడం బాయ్‌కాట్ కాదు, అది వెలి. ఎస్సీ, ఎస్టీల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించినా, విధిస్తామని బెదిరించినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కులాన్నో మతాన్నో చూసి బండి మీద పండ్లమ్ముకునేవాడి దగ్గర కొనొద్దని వచ్చే మెసేజ్‌లను ఫార్వర్డ్ చేయకండి. అలాంటి పిలుపులో అడిగేది ఏమీ ఉండదు, ఆ మనిషి తన పుట్టుకను మార్చుకోలేడు కదా!

జనం ఎలా గడుపుకుంటారో చూడండి

ఎక్కువ సమయం, ఎక్కువ మనుషులు దీనికే కావాలి. మాంట్‌గోమరీలో బస్సు ఎక్కేది ఎవరు? తెల్లవాళ్ల ఇళ్లలో వంటపనికి, అంట్లు తోమడానికి ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లే ఆడవాళ్లు, కూలీపని చేసేవాళ్లు. కార్లున్నవాళ్లు తక్కువ. "బస్సు ఎక్కొద్దు" అంటే "మరి పొద్దున ఆరింటికి పనికి ఎలా వెళ్లాలి?" అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. మొదట నల్లజాతి టాక్సీవాళ్లు ముందుకొచ్చి బస్సు టికెట్ ధర 10 సెంట్లకే ఎక్కించుకున్నారు. నగర అధికారులు కనీస చార్జీ 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని పాత నిబంధన బయటకు తీశారు. అప్పుడు సొంత కార్లున్నవాళ్లంతా కలిశారు, సుమారు 300 కార్లు. 1953లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో ఇలాంటి బస్సు బాయ్‌కాటే చేసిన పాస్టర్‌కు ఫోన్ చేసి ఆయన ఏర్పాట్లు ఎలా చేశాడో మాంట్‌గోమరీ ఉద్యమాన్ని నడిపిస్తున్న పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ కనుక్కున్నాడు. ఏ కారు ఎక్కడ ఆగుతుంది, ఎన్నింటికి ఆగుతుంది అని స్టాపులు పెట్టారు, చర్చిలు స్టేషన్ వ్యాగన్లు కొన్నాయి. ఆ బళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీలు రద్దు చేస్తే లండన్‌లోని లాయిడ్స్ అనే ఇన్సూరెన్స్ సంస్థ దాకా వెళ్లి పాలసీ తెచ్చుకున్నారు. ఇంత చేసినా చాలామంది మైళ్లకు మైళ్లు నడిచారు.

ఇది లేకపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్ సభలో విదేశీ సరుకుల బహిష్కరణకు తీర్మానం చేశారు. ఉద్యమం దేశాన్ని కదిలించింది, నిజమే. కానీ స్వదేశీ బట్ట ఖరీదెక్కువ, దొరికేది తక్కువ. పేద ముస్లిం రైతులు, అంటరానివాళ్లుగా చూడబడ్డ నామశూద్ర కులం రైతులు చౌకబట్ట కొనుక్కుంటుంటే కొన్ని చోట్ల జమీందారుల మనుషులు సంతల్లో అడ్డుపడ్డారు, చివరికి అది ఊళ్లలో జనానికీ జనానికీ మధ్య గొడవ అయింది. ఆ స్వదేశీ ఉద్యమం ఊపులోనే 1907 ఏప్రిల్‌లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ మన రాజమండ్రి, బెజవాడ, బందరు తిరిగి ప్రసంగాలు చేశాడు. బందరులో కోపల్లె హనుమంతరావు గారు, తోటివాళ్లు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. సర్కారు చదువు వద్దన్నవాళ్లు పిల్లలు వెళ్లడానికి ఒక చోటు చూపించారు, నాకు వాళ్లలో అన్నిటికన్నా నచ్చే విషయం అదే.

మీ కాలనీలో ఫలానా పాల ప్యాకెట్ మానేద్దామనుకున్నారనుకోండి. పొద్దున ఐదున్నరకు దాని బదులు ఏ పాలు వస్తాయి, ఎవరు వేస్తారు, లీటరు ఎంత, నెలాఖరులో డబ్బు లేనివాళ్లకు ఖాతా పెడతారా? చంటిపిల్లలున్న ఇల్లు ఏది, పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్న ఇల్లు ఏది? వీటికి జవాబులు రాసుకునేదాకా తేదీ ప్రకటించకండి. ఎక్కువ ఖర్చయ్యే ప్రత్యామ్నాయమైతే ఆ తేడా ఎవరు భరిస్తారో కూడా తేల్చండి, లేదంటే డబ్బున్నవాళ్లు మానేస్తారు, లేనివాళ్లు చాటుగా కొనుక్కుని తలదించుకు తిరుగుతారు.

ఒక్క రోజుతో మొదలుపెట్టండి

మాంట్‌గోమరీ బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు వదలనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను 1955 డిసెంబర్ 1, గురువారం అరెస్టు చేశారు. ఆ రాత్రే రాబిన్సన్ కాలేజీలో కూర్చుని, ఒక్కో కాగితం మీద మూడేసి కరపత్రాలు పట్టేలా సైక్లోస్టైల్ తీయించి, కత్తిరించి, తెల్లారి ఊరంతా పంచిపెట్టించింది. అందులో పిలుపు సోమవారం ఒక్కరోజుకే. సోమవారం బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. అది కళ్లారా చూశాకే సాయంత్రం చర్చిలో పెద్ద సభ పెట్టి, కొనసాగిద్దామా అని జనాన్నే అడిగారు. మీరూ అంతే చేయండి. ఒక్క రోజు సరిగ్గా జరిగితే జనానికి ధైర్యం వస్తుంది, జరగకపోతే ఏర్పాట్లలో ఎక్కడ లోపముందో తెలుస్తుంది.

పుకార్లకు సిద్ధంగా ఉండండి

1956 జనవరిలో ఒక శనివారం మాంట్‌గోమరీ పెద్దలు పత్రికలకు ఒక వార్త ఇచ్చారు, రాజీ కుదిరింది, బాయ్‌కాట్ అయిపోయింది అని. ఉద్యమంతో సంబంధం లేని ముగ్గురు పాస్టర్లను కూర్చోబెట్టుకుని ఆ ఒప్పందం చేశారు. ఆదివారం పేపర్లో వస్తుందని ముందే తెలిసి కింగ్, ఆయన సహచరులు ఆ రాత్రి బార్లు, క్లబ్బులు కూడా వదలకుండా తిరిగి అది అబద్ధమని చెప్పారు, మర్నాడు చర్చిల్లో చెప్పించారు. ఇప్పుడైతే అలాంటి వార్త రావడానికి పది నిమిషాలు చాలు. కాబట్టి మొదటి రోజే చెప్పేయండి: ఆగిపోయిందన్న మాట ఈ ఒక్క నంబరు నుంచి, ఈ ఇద్దరి పేర్లతో వస్తేనే నమ్మండి అని. ఫోన్ చూసుకోనివాళ్ల కోసం వీధికొక మనిషిని పెట్టుకోండి.

మీరు రాసే ప్రతి మాటకూ ఆధారం ఉండాలి. బిల్లు, ఫొటో, తేదీ. లేని కల్తీ ఉందని రాస్తే పరువునష్టం కేసు పడుతుంది, అంతకన్నా పెద్ద నష్టం, మీరు చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు. షాపు ముందు నిలబడితే దారి వదిలి నిలబడండి, లోపలికి వెళ్లేవాళ్లను ఆపకండి, తిట్టకండి. ద్రాక్ష కూలీలు తోటలు వదిలి బోస్టన్, న్యూయార్క్, టొరంటో లాంటి నగరాలకు వెళ్లి సూపర్‌మార్కెట్ల బయట నిలబడి తమ బతుకు గురించి తామే చెప్పుకున్నారు, కౌంటర్లో పనిచేసే అమ్మాయితో గొడవపడితే అది జరిగేది కాదు. ఆ అమ్మాయి కూడా జీతగత్తే.

డబ్బు లెక్క

మాంట్‌గోమరీలో జార్జియా గిల్మోర్ అనే వంటావిడ, బాయ్‌కాట్ నడిపినందుకు కింగ్ మీద పెట్టిన కేసులో ఆయన తరఫున సాక్ష్యం చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. ఆవిడ, ఇంకొందరు ఆడవాళ్లు ఇంట్లో వేయించిన చికెన్, కేకులు, పైలు చేసి అమ్మి, వచ్చిన డబ్బు కార్ల పెట్రోలుకు ఇచ్చారు. తమ గుంపుకు "క్లబ్ ఫ్రమ్ నోవేర్" అని పేరు పెట్టుకున్నారు, డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఎక్కడి నుంచీ కాదని చెప్పడానికి, ఇచ్చినవాళ్ల ఉద్యోగాలు పోకుండా ఉండటానికి. వారం వారం సభలో ఎంత వచ్చిందో మాత్రం లేచి చదివేవారు. మీరూ మొత్తం ఎంతో బయటపెట్టండి, ఇచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టకండి. ఒకరి సొంత యూపీఐకి చందాలు తీసుకోకండి.

ఒప్పుకున్నవాళ్ల దగ్గర కొనండి

1970 వసంతంలో కొందరు ద్రాక్ష పెంపకందారులు యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నారు. వాళ్ల పెట్టెల మీద యూనియన్ నల్ల గద్ద గుర్తు వేశారు, ఆ పండ్లకు మిగతావాటికన్నా మంచి ధర పలికింది. మిగతా తోటలవాళ్లు అది చూశారు, జూలై 29న, సమ్మె మొదలైన డెలానో ప్రాంతపు పెంపకందారులు సంతకాలు పెట్టారు. కాబట్టి ఎవరైనా దిగొస్తే ఆ రోజే పబ్లిక్‌గా చెప్పండి, వాళ్ల దగ్గర కొనండి, పాత కోపంతో సాగదీయకండి.

గెలిచిన మర్నాడు

బస్సుల్లో విభజన చెల్లదన్న సుప్రీంకోర్టు ఉత్తర్వు చేతికి రాకముందే మాంట్‌గోమరీ చర్చిల్లో కుర్చీలను బస్సు సీట్లలా వేసి, ఎవరైనా తిడితే ఏం చేయాలో, తోస్తే ఏం చేయాలో జనం చేత సాధన చేయించారు. 1956 డిసెంబర్ 21న మళ్లీ బస్సెక్కారు. ద్రాక్ష కూలీల ఒప్పందాలు మాత్రం 1973లో గడువు తీరిపోయాయి, చాలామంది తోటలవాళ్లు వాటిని పొడిగించకుండా టీమ్‌స్టర్స్ అనే వేరే యూనియన్‌తో సంతకాలు చేసుకున్నారు, మళ్లీ సమ్మె, మళ్లీ బాయ్‌కాట్ మొదలుపెట్టాల్సి వచ్చింది. 1975లో కాలిఫోర్నియా వ్యవసాయ కార్మికులకు యూనియన్ హక్కు ఇస్తూ చట్టం చేసింది. అందుకే ఒప్పందంలో గడువు తేదీ ఎప్పుడో చూసుకుని దానికి మూడు నెలల ముందు మీటింగ్ పెట్టుకునేలా ఇప్పుడే రాసిపెట్టుకోండి, వీధికొకరు చొప్పున ఉన్న ఆ మనుషుల నంబర్లు ఎవరి దగ్గర ఉంటాయో తేల్చుకోండి.