చిన్న చిప్‌లో పెద్ద పట్టిక – 6వ పాఠం: మారే లెక్కలు ఎక్కడ దాచాలి?

పలాస జీడిపప్పు బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) వేడిని నిమిషానికోసారి కొలిచి, రోజంతటి లెక్కనూ ఒకే ఎర్రేలో (వరస గడుల పట్టికలో) పెట్టమన్నాను పోయిన పాఠంలో. చాలామంది అక్కడే ఆగిపోయారు. ఆగాల్సిన చోటే అది. రోజుకు 1440 రీడింగులు, ఇంట్ (పూర్ణాంకం) అయితే ఒక్కోదానికి 2 బైట్లు, మొత్తం 2880. ఆర్డుయినో ఉనో బోర్డు మీదున్న ఏటీమెగా328పీ చిప్‌లో ర్యామ్ 2048 బైట్లే. ఎర్రేని గ్లోబల్‌గా, అంటే ఫంక్షన్ల బయట రాసినవాళ్లకు చోటు చాలదని ఐడీఈ (ప్రోగ్రాం రాసి బోర్డుకు ఎక్కించే సాఫ్ట్‌వేర్) అప్పుడే చెప్పేసింది. ఫంక్షన్ లోపల రాసినవాళ్లకే అసలు తంటా. లోకల్ ఎర్రేని ఐడీఈ లెక్కలోకి తీసుకోదు. ప్రోగ్రాం ఎక్కుతుంది, ఆపైన బోర్డు ఉత్తినే రీసెట్ అవుతూ ఉంటుంది. పెద్ద ఎర్రే ఎప్పుడూ గ్లోబల్‌గానే రాయండి.

ఇక ప్రోగ్‌మెమ్ సంగతి, అంటే ఎర్రేని ర్యామ్‌లో కాక ప్రోగ్రాం ఉండే ఫ్లాష్‌లో పెట్టడం. 32 కిలోబైట్ల ఫ్లాష్ కనబడుతుంటే ఎర్రేని అటు నెట్టాలనిపిస్తుంది, తెలుసు. కానీ అందులో పెట్టింది ప్రోగ్రాం నడుస్తుండగా మారదు. ఏవీఆర్‌లో, అంటే ఈ చిప్ కుటుంబంలో, ఫ్లాష్ అడ్రసులు వేరు, ర్యామ్ అడ్రసులు వేరు. శ్రీకాకుళంలో 300 నంబరు ఇల్లుంది, విజయనగరంలోనూ ఉంది. ఊరు చెప్పకుండా నంబరే రాస్తే ఉత్తరం ఎక్కడికి పోతుంది? 'మారదు' అని చెప్పే కాన్‌స్ట్‌ని క్యాస్ట్‌తో (రకం మార్చి) దాటేసి విలువ రాసినప్పుడు జరిగేది ఇదే. కంపైలర్ నోరెత్తదు. విలువ మాత్రం ఫ్లాష్‌కు చేరదు, ర్యామ్‌లో అదే నంబరు దగ్గర పడి అక్కడున్న వేరే వేరియబుల్‌ని పాడుచేస్తుంది. తప్పు ఒకచోట, ఏడుపు ఇంకోచోట. పోనీ నిజంగానే ఫ్లాష్‌లో రాద్దామంటే, అందుకున్న ఎస్‌పీఎం ఆదేశం ఈ చిప్‌లో బూట్‌లోడర్ (ప్రోగ్రాంని ఎక్కించే చిన్న కోడ్) భాగం నుంచే పనిచేస్తుంది. అదీ 128 బైట్ల పేజీ మొత్తం చెరిపి మళ్లీ రాయాలి, హామీ 10,000 సార్లకే. అక్షరాల బొమ్మలు, సైన్ పట్టిక లాంటి మారని సరుకు ప్రోగ్‌మెమ్‌లో పెట్టండి. బోర్మా వేడిని పెట్టకండి.

నేనైతే కొత్త చిప్ కొనేముందు అంకెని కుదిస్తాను. డీఎస్18బీ20 సెన్సర్ 125 డిగ్రీల దాకా కొలుస్తుంది. అర డిగ్రీ తేడా తెలిస్తే మనకు చాలు. వేడిని రెండుతో గుణిస్తే 0 నుంచి 250, ఒక్క బైట్‌లో పట్టేస్తుంది. 2880 కాస్తా 1440 అయింది. మిగిలిన 608లోనే స్టాకూ (ఫంక్షన్ లోపలి వేరియబుల్స్ ఉండే చోటు), సీరియల్ బఫర్లూ సర్దుకోవాలి, ఇరుకే. అసలు బోర్మా వేడిని నిమిషం నిమిషం రాయక్కర్లేదు. పది నిమిషాలకోసారి రాస్తే రోజుకు 144, వారానికి 1008 బైట్లు. చిప్‌లోనే ఉన్న మూడో మెమొరీ ఈఈప్రోమ్ 1024 బైట్లు. వారం లెక్క అందులోనే సరిపోయింది, కరెంటు పోయినా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన ఉద్దానం వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఈఈప్రోమ్‌లో ఒక్కో గడికి 100,000 రాతలు హామీ. వారానికోసారి రాసే గడికి భయం లేదు. అయితే 'ఎక్కడిదాకా రాశాం' అన్న నంబరుని ఒకే గడిలో దాచుకుంటే, రోజుకు 144 చొప్పున ఆ గడి రెండేళ్లు నిండకుండానే హామీ దాటుతుంది. నేను ఆ నంబరు దాచను. మన విలువలు 250 దాటవు కాబట్టి 255ని జెండాగా వాడతాను. ముందు తరువాతి గడిలో 255 రాయాలి, ఆ తర్వాతే ఈ గడిలో వేడి రాయాలి. వరస తిరగేస్తే, రెంటి మధ్య కరెంటు పోయినప్పుడు జెండాయే మిగలదు. బోర్డు లేవగానే సున్నా నుంచి వెతికితే మొదటి 255 దగ్గరే మన చోటు, ఆఖరి గడి నుంచి మొదటి గడికి తిరిగే క్షణంలో కరెంటు పోతే తప్ప. కొత్త చిప్‌లో గడులన్నీ 255లే కాబట్టి మొదటిరోజుకు వేరే కోడ్ అక్కర్లేదు. ఈఈప్రోమ్ లైబ్రరీలో రైట్ ఫంక్షన్ బదులు అప్‌డేట్ వాడండి, విలువ మారకపోతే అది రాయదు.

అభ్యాసం: పది నిమిషాలను రెండు సెకన్లకు తగ్గించి, 1008 గడులూ నిండి మళ్లీ మొదటికి వచ్చేదాకా నడపండి. మధ్యలో ఇష్టమొచ్చినప్పుడల్లా ప్లగ్గు పీకండి. ఆఖరి రెండు గడుల దగ్గర తప్పకుండా పీకండి. ప్రతిసారీ రాత ఆగిన చోటినుంచే మొదలవ్వాలి. అది కుదిరాక, మోటారు ఆన్, ఆఫ్ స్థితిని నిమిషానికో బిట్ చొప్పున రోజంతా 180 బైట్లలో ఇమడ్చండి. బయట తగిలించే ఈఈప్రోమ్ చిప్ 24సీ256 సంగతి వచ్చే పాఠంలో. ఈ రెండూ చేయనివాళ్లు అది తెరవకండి.