కళ్ల మంటకి ముక్కు కడుక్కోండి

దుమ్ముకీ ఎలర్జీకీ కళ్లు పొడిబారి మండుతున్నవాళ్లు, డ్రాప్స్ మానకుండానే, జలనేతి (ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం) కూడా చేసి చూడండి. కన్నీళ్లు ముక్కులోకి దిగే సన్నని గొట్టం ఒకటుంది (ఏడిస్తే ముక్కు కారేది అందుకే), ముక్కు లోపల వాపు, దిబ్బడ తగ్గితే కొంతమందికి కళ్ల దురద కూడా సర్దుకుంటుంది. నీళ్లు మాత్రం బాగా మరిగించి చల్లార్చినవే వాడాలి, కుళాయి నీళ్లు నేరుగా వద్దు, అరుదే అయినా మెదడుని తినే అమీబా ముక్కులోంచే వెళ్తుంది. పావు లీటరు గోరువెచ్చటి నీళ్లకి అర టీస్పూన్‌కి కాస్త తక్కువ ఉప్పు, అదీ అయోడిన్ కలపనిది. సింక్ మీదకి వంగి, తల పక్కకి తిప్పి, నోటితో గాలి పీలుస్తూ పైనున్న ముక్కు రంధ్రంలో పోస్తే కిందదాంట్లోంచి వచ్చేస్తాయి. తర్వాత గట్టిగా చీదొద్దు, చెవులు దిబ్బళ్లు పడతాయి. చూపు మసకబారినా, కన్ను నొప్పి పుట్టినా ఇవేవీ పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.