గంపలో గుడ్లు మాయమవుతున్నాయా? ముందు పెంకులు చూడండి

నాటుకోళ్లు పెంచేవాళ్లు గుడ్డు కనపడకపోతే వెంటనే పామే తినేసిందని అనేస్తారు కానీ, ముందు గంపలో గడ్డి చూడండి. గడ్డికి సొన అంటుకుని తడిగా ఉండి, ఏదో ఒక కోడి ముక్కుకి పచ్చసొన ఎండిపోయి కనిపిస్తే ఆ కోడే పొడుచుకుని తింటోందని అర్థం. దానికి గుల్లసున్నం తయారుచేసే ఆ గుల్లల్నే పొడి చేసి పెట్టండి, పెంకు గట్టిపడుతుంది, గుడ్లు కూడా పెట్టిన వెంటనే తీసేయండి, ఒక ప్లాస్టిక్ గుడ్డు వదిలేస్తే పొడిచి పొడిచి విసుగొచ్చి మానేస్తుంది.

పెంకు ముక్కలు చెల్లాచెదురుగా పడుంటే ముంగిసో పందికొక్కో అయ్యుండొచ్చు. అసలు ఆనవాలే లేకపోతే పాము కావచ్చు, ఎందుకంటే అది గుడ్డుని అలాగే మింగేస్తుంది, పగటిపూటైతే కాకి ఎత్తుకుపోయినా పోవచ్చు. రాత్రి గంప చుట్టూ ముగ్గుపిండి పల్చగా చల్లి పొద్దున్నే చూడండి, కాలి గుర్తులా పాకిన చారా అన్నది తెలిసిపోతుంది. చీకట్లో మాత్రం టార్చి లేకుండా గంపలో చెయ్యి పెట్టకండి ప్లీజ్.

ఇవేవీ కాకపోతే కోడి గడ్డివాములోనో కంచె పొదల్లోనో దొంగచాటుగా పెడుతుందేమో, ఒక వారం పాటు పదకొండింటి దాకా బయటకి వదలకుండా చూడండి, ఎక్కువ కోళ్లు ఆలోపే పెట్టేస్తాయి.