గోదావరి ఫొటోకి ఆకాశం మార్చాలంటే ముందు వెలుగు చూడండి

రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడి నది వైపు కెమెరా పెడితే మీ ఎదురుగా ఉండేది పడమర, అవతల ఒడ్డు కొవ్వూరు. ఉదయం తొమ్మిదింటికి సూర్యుడు మీ వెనక ఉంటాడు. పడవల మీద, స్నానాలు చేసేవాళ్ల ముఖాల మీద వెలుగు నేరుగా పడుతుంది. ఆ ఫొటోకి ఎర్రటి సూర్యాస్తమయం తగిలిస్తే రాజమండ్రి వాళ్లెవరూ నమ్మరు. సూర్యుడు నది మీద దిగుతుంటే ఆ ముఖాలు నీడలో ఉండాలి కదా! మా స్టూడియోలో ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకి సాఫ్ట్‌వేర్ తెరవక ముందే చెబుతాను: నీడలు ఎటు పడ్డాయో చూడండి, ఆ వెలుగుకి తగిన ఆకాశాన్నే వెతకండి.

నెట్‌లో దొరికే ఆకాశాల కంటే మీరు తీసుకున్నవే మేలు. మబ్బు బాగా పట్టిన రోజు అదే ఘాట్‌కి వెళ్లి, అదే లెన్స్‌తో ఉత్త ఆకాశాన్ని తీసిపెట్టుకోండి. ఫైలు పేరులోనే దిక్కు, నెల, వేళ రాయండి: ‘పడమర, ఆగస్టు, సాయంత్రం 5’. వైడ్ లెన్స్ ఫొటోలో జూమ్‌తో తీసిన మబ్బులు పెడితే వంతెన చిన్నదైపోయి, మబ్బులు మీద పడుతున్నట్టుంటాయి.

ఫోటోషాప్‌లో 2020 అక్టోబరు నుంచి ఎడిట్ మెనూలోనే ఆకాశాన్ని మార్చే స్కై రీప్లేస్‌మెంట్ ఉంది. అందులో మీ ఆకాశాన్ని చేర్చుకుని ఎంచుకోండి. టెంపరేచర్, బ్రైట్‌నెస్ సరిచేయండి. అవుట్‌పుట్ దగ్గర తప్పకుండా న్యూ లేయర్స్ (ఒకదాని మీద ఒకటి ఉండే విడి పొరలు) పెట్టండి, తర్వాత మాస్క్ (పొరలో ఏ భాగం కనిపించాలో తేల్చేది) దిద్దుకోవచ్చు.

అసలు పని అంచుల్లో ఉంటుంది. ఆర్చి బ్రిడ్జి కమానుల కింద నిలువు కడ్డీలున్నాయి. వాటి సందుల్లో పాత తెల్లని ఆకాశం మిగిలిపోతుంది. జూమ్ చేసి స్కై బ్రష్‌తో ఒక్కో సందూ నింపాలి. ఓపిక పట్టండి, చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది.

కొబ్బరాకులకి బ్రష్ పనికిరాదు. అక్కడ ఆకాశం లేయర్‌ని మల్టిప్లై మోడ్‌లో పెట్టి చూడండి. తెల్లని చోట కొత్త రంగు వస్తుంది, నల్లని ఆకు నల్లగానే ఉంటుంది. అది చాలకపోతే ఛానెల్స్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు విడివిడిగా కనిపించే చోటు) బ్లూ ఛానెల్‌ని కాపీ చేసి, లెవెల్స్‌తో ఆకాశం పూర్తిగా తెలుపు, చెట్టు పూర్తిగా నలుపు అయ్యేదాకా లాగండి. కంట్రోల్ నొక్కి ఆ ఛానెల్ మీద క్లిక్ చేస్తే సెలెక్షన్ వస్తుంది, దాన్నే మాస్క్ చేసుకోండి. డబ్బు పెట్టలేనివాళ్లకి ఉచితంగా దొరికే జింప్‌లో కూడా లేయర్లు, మాస్కులు, ఛానెల్స్ అన్నీ ఉన్నాయి.

ఇదంతా కంప్యూటర్‌తో మొదలైన విద్య కాదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫొటోగ్రాఫర్ సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ తీసి ఒకే ప్రింటుగా కలిపాడు. అప్పటి ఫొటో ప్లేట్లు నీలం వెలుగుకి ఎక్కువగా స్పందించేవి, నేలకి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది.

చాలామంది వదిలేసేది నీళ్లు. పైన మబ్బు మారి కింద నది మారకపోతే ఫొటో రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఆకాశం లేయర్‌ని కాపీ చేసి, ఫ్లిప్ వర్టికల్ కొట్టి, మాస్క్‌తో నీటి వరకే ఉంచండి. సాఫ్ట్ లైట్ మోడ్, తక్కువ ఒపాసిటీ (పొర పలచగా కనిపించేలా), నిలువుగా కొంచెం మోషన్ బ్లర్. నీటిలో ప్రతిబింబం ఆకాశం కంటే కాస్త ముదురుగానే ఉండాలి. వేసవిలో నది నిలకడగా ఉన్నప్పుడు ఇది బాగా కుదురుతుంది. ఎర్రనీరు వచ్చే రోజుల్లో మాత్రం నది అద్దంలా మెరవదు, అప్పుడు ప్రతిబింబం దాదాపు తీసేయండి.

వరద ఫొటోల విషయంలో నేను గట్టిగానే ఉంటాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజున నల్లమబ్బులు అతికించిన ఫొటో వాట్సాప్‌లో తిరిగితే లంక గ్రామాల వాళ్లకి ఎంత టెన్షన్! వార్తకి వెళ్లే ఫొటోలో ఆకాశం ముట్టుకోవద్దు. పెళ్లి ఆల్బమ్‌కి, గోడ మీద పెట్టుకునే ఫ్రేముకి మార్చుకోండి, అది మార్చిన ఫొటో అని అడిగినవాళ్లకి చెప్పండి.

చివరగా రెండు ఫొటోల గ్రెయిన్ (సన్నని నలుసుల్లాంటి గరుకుదనం) సరిపోయిందో లేదో చూసి, ఆకాశం మరీ నున్నగా ఉంటే కొద్దిగా నాయిస్ కలపండి. ఫొటోని తలకిందులుగా తిప్పి ఒకసారి పరిశీలిస్తే అతుకు ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. జేపీజీతో పాటు లేయర్లున్న పీఎస్‌డీ ఫైలు కూడా దాచుకోండి. ప్రింటులో ఆకాశం స్క్రీన్ మీదకంటే ముదురుగా వస్తే మళ్లీ దిద్దాల్సి ఉంటుంది.