ఇంటి బల్ల మీద స్థిర విద్యుత్తు – 2వ పాఠం: ముట్టుకోకుండా ఆవేశం ఎక్కించడం

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. ప్లాస్టిక్ స్కేలుని తలకు రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టండి, ముక్కలు ఎగిరొచ్చి అతుక్కున్నాక వెంటనే స్కేలు పక్కన పడేయకుండా ఒక నిమిషం దాన్నే చూస్తూ కూర్చోండి అన్నాను. ఓపిగ్గా చూసినవాళ్లకు ఒక వింత కనబడి ఉంటుంది. అతుక్కున్న ముక్కల్లో కొన్ని ఉన్నట్టుండి ఎవరో తోసినట్టు ఎగిరి అవతల పడతాయి. రాలిపోవడం కాదు, ఎగిరిపోవడం. తలకు నూనె రాసుకుని చేసినవాళ్లకు ముక్కలు కదిలి కూడా ఉండవు. తలంటుకున్న రోజు, జుట్టు బాగా ఆరాక మళ్లీ చేయండి.

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. కాగితాన్ని మనం రుద్దలేదు, దానికి ఆవేశం లేదు. మరి స్కేలు దాన్నెందుకు లాగింది? లాక్కున్నదాన్ని మళ్లీ ఎందుకు తన్నేసింది?

ముందు పాత పాఠంలోది ఒక్క మాట. రుద్దినప్పుడు ఆవేశం కొత్తగా పుట్టదు, చోటు మారుతుంది. జుట్టులోంచి కొన్ని ఎలక్ట్రాన్లు స్కేలు మీదికి వచ్చాయి. స్కేలుకి ఋణావేశం, జుట్టుకి అంతే ధనావేశం. కొన్ని అంటే ఎన్ని? స్కేలు మీద 1.6 × 10⁻⁸ కూలుంబుల (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం కూలుంబు) ఋణావేశం ఉందనుకుందాం. ఒక్కో ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులు. భాగిస్తే 10¹¹, అంటే పదివేల కోట్ల ఎలక్ట్రాన్లు. "రుద్దాక స్కేలు బరువు పెరుగుతుందా?" అని పరీక్షల్లో అడుగుతుంటారు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.1 × 10⁻³¹ కిలోలు కాబట్టి పెరిగేది 9.1 × 10⁻²⁰ కిలోలు. పెరుగుతుంది, కానీ ఏ త్రాసుకీ అందదు. జుట్టు ఆ మేరకు తగ్గుతుంది. జవాబులో ఈ రెండో సగం రాయక మార్కు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

ఇక కాగితం సంగతి. కాగితం బంధకం, దాని ఎలక్ట్రాన్లు అణువుల్ని వదిలిపెట్టి తిరగలేవు. కానీ ఉన్నచోటే కాస్త పక్కకు ఒత్తిగిలగలవు. ఋణావేశమున్న స్కేలు దగ్గరికి రాగానే అవి స్కేలుకి దూరంగా ఒదుగుతాయి. దాంతో ప్రతి అణువులోనూ స్కేలు వైపు కాస్త ధనం, అవతలి వైపు కాస్త ఋణం తేలతాయి. మొత్తం ఆవేశం ఇప్పటికీ సున్నానే. అయితే ధనం స్కేలుకి దగ్గరగా ఉంది, ఋణం దూరంగా ఉంది. రెండు ఆవేశాల మధ్య దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. కాబట్టి దగ్గరున్న ధనం మీది లాగుడు, దూరంగా ఉన్న ఋణం మీది తోపుడు కంటే ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. ఆ పిసరంత తేడాకే కాగితం లేచి వస్తుంది. ఇలా తాకకుండానే ఆవేశాల్ని అటూ ఇటూ సర్దడాన్ని ప్రేరణ అంటారు.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. అతుక్కున్నాక స్కేలు మీది ఎలక్ట్రాన్లు కొన్ని కాగితం మీదికి పాకుతాయి. ఇప్పుడు దానికీ ఋణావేశమే. సజాతి, అంటే ఒకే రకం ఆవేశాలు వికర్షించుకుంటాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ముక్క ఎగిరిపోతుంది. కాగితం బదులు వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ని చిన్నచిన్న ముక్కలు చేసి పెట్టండి. లోహం కాబట్టి ఆవేశం ఇట్టే ఎక్కుతుంది. అతుక్కోవడం, ఎగరడం, కింద పడి ఆ ఆవేశం పోగొట్టుకోవడం, మళ్లీ లేవడం. పిల్లలుంటే పిలిచి చూపించండి, వేయించే మూకుట్లో ఆవాల్లా గెంతుతాయి.

ఇప్పుడు సెల్లోటేపు తీసుకోండి, మా వైపు ప్లాస్టర్ అంటాం. బల్ల మీద ముందు ఒక పొడుగాటి పట్టీ అతికించి అలాగే ఉంచేయండి, అది పునాది. దాని మీద జానెడు పట్టీ అతికించి, పట్టుకోడానికి ఒక కొస మడవండి. పక్కనే ఇంకొకటి. రెంటినీ సర్రున పీకి, చెరో చేత్తో వేలాడదీసి దగ్గరికి తీసుకురండి. కింది కొసలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరం జరుగుతాయి. ఒకేలా పుట్టినవి కాబట్టి రెంటిదీ ఒకే రకం ఆవేశం.

తర్వాత ఒక కొత్త పట్టీ మీద ఇంకో కొత్త పట్టీ అతికించి, జంటను జంటగానే నెమ్మదిగా లేపండి. వేలితో పైనుంచి కిందికి ఒకసారి నిమరండి, ఏమైనా ఆవేశం మిగిలుంటే పోతుంది. ఆ జంటను ఇప్పుడు సర్రున విడదీసి దగ్గరికి తెండి. చటుక్కున అతుక్కుంటాయి. సున్నాలోంచి ఒకటి ధనం, ఒకటి ఋణం అయ్యాయి. మళ్లీ కలిపితే సున్నా. ఆవేశ నిత్యత్వ నియమమని పుస్తకంలో ఒక వాక్యంలో తేల్చేసేది ఇదే.

ఆ పట్టీల్లో ఏదో ఒకదాని దగ్గరికి ఉత్త వేలు పెట్టి చూడండి. వేలికి ఆవేశం లేదు, అయినా పట్టీ వచ్చి అంటుకుంటుంది. రెండో పట్టీ కూడా అంతే. అంటే ఆకర్షణ కనబడినంత మాత్రాన ఎదుటిదానికి ఆవేశం ఉందని చెప్పలేం. విజాతి ఆవేశం ఉన్నా లాగుతుంది, అసలేమీ లేకపోయినా ప్రేరణ వల్ల లాగుతుంది. తోసేస్తే మాత్రం అనుమానం లేదు, రెంటికీ ఆవేశం ఉంది, రెండూ ఒకే రకం. "వస్తువు ఆవేశపూరితమో కాదో తెలుసుకోవడానికి వికర్షణే సరైన పరీక్ష" అన్న వాక్యాన్ని నేను పదో తరగతిలో బట్టీ పట్టాను. దాని అర్థం తెలిసింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, ఒక ప్లాస్టర్ ముక్క వేలికి అంటుకుని వదలనప్పుడు.

వికర్షణనే నమ్మాలి కాబట్టి వికర్షణను చూపే పరికరం ఒకటి కావాలి. అదే విద్యుద్దర్శిని. 1787లో అబ్రహాం బెన్నెట్ అనే ఇంగ్లండు చర్చి మతగురువు పలుచని బంగారు రేకులతో చేసిన నమూనానే ఇప్పటికీ పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఉంటుంది. మనకు బంగారం అక్కర్లేదు. మిఠాయిల మీద వేసే వెండి రేకు వాడదామని ఒకసారి నేను ఆశపడ్డాను. వేలు తగలగానే అది చిరిగి చేతికే అంటుకుపోయింది. మీరు ఫాయిల్‌తోనే సరిపెట్టుకోండి.

ఖాళీ జామ్ సీసాను కడిగి, బాగా ఆరబెట్టండి. దాని ఇనుప మూత పనికిరాదు, మూతికి సరిపడా థర్మోకోల్ బిళ్ల కోసి బిగించండి. వైరింగుకి వాడే రాగి తీగ జానెడు తీసుకుని పై తొడుగంతా ఒలిచి, బిళ్ల మధ్యలోంచి గుచ్చండి. తీగ పై కొసకు ఫాయిల్‌ని గోళీకాయంత ఉండగా నలిపి గట్టిగా అదమండి. కింది కొసను చిన్న కొక్కెంలా వంచండి. అర సెంటీమీటరు వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవున్న రెండు ఫాయిల్ పట్టీలకు సూదితో బెజ్జాలు పెట్టి ఆ కొక్కేనికి పక్కపక్కన తగిలించండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బెజ్జం బిగుతుగా ఉంటే రేకులు కదలవు. సీసాను మెల్లగా ఊపితే రేకులు ఊగాలి, అంత వదులుగా ఉండాలి. రేకులకు మడతలు పడితే గోటితో సాపు చేయండి.

ఆవేశానికి స్కేలు కంటే కరెంటు వైరింగు పీవీసీ పైపు ముక్క మేలు. ఉన్ని గుడ్డతో గట్టిగా రుద్దితే దానికి మంచి ఋణావేశం వస్తుంది.

రుద్దిన పైపును ఉండ దగ్గరికి తెండి, తాకించొద్దు. రేకులు విచ్చుకుంటాయి. పైపు తీసేయండి, మూసుకుంటాయి. ఉండలోని ఎలక్ట్రాన్లు పైపుకి జడిసి కిందికి, రేకుల్లోకి పోయాయి. పైపు వెళ్లగానే తిరిగొచ్చాయి. పరికరానికి ఇంకా ఆవేశం ఎక్కలేదు.

ఎక్కించాలంటే నాలుగు అంచెలు. పైపును ఉండ దగ్గర పెట్టి అలాగే పట్టుకోండి. రెండో చేతి వేలితో ఉండను తాకండి, రేకులు ముడుచుకుంటాయి. వేలు తీసేయండి. ఆ తర్వాతే పైపు తీయండి. రేకులు మళ్లీ విచ్చుకుని అలాగే నిలబడిపోతాయి. పైపు ఉండను ఒక్కసారీ తాకలేదు, అయినా ఆవేశం ఎక్కింది. అదీ పైపు మీద ఉన్న ఋణం కాదు, ధనం.

ఇది తలకెక్కాలంటే కిటకిటలాడే ఆర్టీసీ బస్సు ఊహించుకోండి. ముందు తలుపు దగ్గర కండక్టర్ నిలబడి "వెనక్కి జరగండి, వెనక్కి జరగండి" అని అరుస్తున్నాడు. జనమంతా వెనక్కి ఒత్తుకున్నారు. అప్పుడు వెనక తలుపు తెరిచారు, ఒత్తిడి తట్టుకోలేక కొందరు దిగిపోయారు. తలుపు మూసేశారు. ఇప్పుడు కండక్టర్ నోరు మూసుకున్నాడు. జనం బస్సంతా సర్దుకుంటారు కానీ దిగినవాళ్లు దిగినట్టే, బస్సులో మనుషులు తక్కువ. కండక్టరే పైపు, జనం ఎలక్ట్రాన్లు, వెనక తలుపు మీ వేలు. తలుపు మూయకముందే కండక్టర్ అరుపు ఆపేస్తే? దిగినవాళ్లు మళ్లీ ఎక్కేస్తారు. అందుకే పైపు ముందు తీసి వేలు తర్వాత తీస్తే రేకులు చచ్చినట్టు పడి ఉంటాయి. వరస తప్పితే ప్రయోగం తప్పుతుంది. ఒక్క తిరకాసు: మన వేలు పెట్టింది ముందు తలుపు దగ్గరే, ఉండ మీదే కదా అంటారు. నిజమే. లోహంలో వేలు ఎక్కడ తాకినా ఫలితం ఒకటే, కింది రేకుల్లోని ఎలక్ట్రాన్లకు అది దారే. పోలిక అంతవరకూ రాదు.

ఎక్కింది ధనమేనని ఎలా నమ్మాలి? రుద్దిన పైపును మెల్లగా మళ్లీ దగ్గరికి తెండి. విచ్చుకున్న రేకులు ముడుచుకోవడం మొదలెడతాయి, ఎందుకంటే ఉండలోంచి కిందికి తోసిన ఎలక్ట్రాన్లు అక్కడి ధనాన్ని కొంత చెరిపేస్తాయి. మరీ దగ్గరికి తెస్తే పూర్తిగా మూసుకుని మళ్లీ విచ్చుకుంటాయి. ఆ రెండో విచ్చుకోవడం చూసి ఋణమని రాసేయకండి, మొదటి కదలికే లెక్క.

ఏమీ పనిచేయలేదా? నేనూ అక్కడ ఉన్నాను. ఒక జులై నెలలో, బయట ముసురు, నలభైమంది పిల్లల ముందు పావుగంట పాటు పైపు రుద్దాను. రేకులు కదల్లేదు. వెనక బెంచీలోంచి ఒకడు "సార్, దానికి కూడా నిద్రొస్తోంది" అన్నాడు. తప్పు గాలిది కాదు, అసలు చిక్కు థర్మోకోల్ మీద, పైపు మీద పట్టే కంటికి కనబడని తడి పొర. ఎక్కిన ఆవేశమంతా ఆ పొర వెంట జారిపోతుంది. జుట్టు ఆరబెట్టే డ్రైయర్‌తో సీసాను, బిళ్లను, గుడ్డను రెండు నిమిషాలు వెచ్చబెట్టి వెంటనే చేయండి. ఎండ ఉంటే ఎండలో పెట్టినా చాలు. సముద్రం పక్క ఊళ్లవాళ్లకు ఏడాది పొడుగునా ఈ తంటా తప్పదు. తెలంగాణలో సంక్రాంతి ముందు పొడి చలిరోజుల్లో మాత్రం స్వెట్టర్ విప్పినా చిటపటలే.

వచ్చే పాఠంలో కూలుంబు నియమాన్ని లెక్కలతో చూద్దాం. ఈలోగా ఒక పని. ప్రేరణ ప్రయోగంలో వేలు తాకించినప్పుడు ఎలక్ట్రాన్లు మన ఒంట్లోంచి భూమిలోకి పోయాయని పుస్తకాలు రాస్తాయి. ఒకసారి ఒట్టికాళ్లతో నేల మీద నిలబడి చేయండి. తర్వాత రబ్బరు చెప్పులు వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీ మీదికెక్కి చేయండి. రేకులు రెండుసార్లూ ముడుచుకున్నాయా? ముడుచుకుంటే, రెండోసారి ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడికి పోయి ఉంటాయి?